‘ఎయిర్‌ప్లేన్!’లో చెంపదెబ్బల క్యూ: ఇప్పుడూ నవ్వొస్తుందా?

ఉషోదయం:
నిన్న రాత్రి ఇంటర్ చదివే మా అమ్మాయితో కలిసి 1980 నాటి హాలీవుడ్ కామెడీ ‘ఎయిర్‌ప్లేన్!’ చూశాను. కాలేజీ రోజుల్లో పడీపడీ నవ్విన సినిమా. చేపల భోజనం తిని పైలట్లు కుప్పకూలడం, గాలి బొమ్మ ఆటోపైలట్‌గా కూర్చోవడం, ఇవన్నీ చూసి తనూ బాగానే నవ్వింది. కానీ భయంతో అరుస్తున్న ప్రయాణికురాలిని ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెంపలు వాయించే సీన్ ఉంది కదా! వెనక బాక్సింగ్ గ్లవ్స్‌తో, తుపాకీతో జనం క్యూ కట్టి ఉంటారు. అలవాటు కొద్దీ నాకు నవ్వొచ్చింది. "ఆవిడ భయపడింది కదమ్మా, కొడతారేంటి?" అంది మా అమ్మాయి. జవాబు చెప్పలేకపోయాను. మీరేమంటారు?

నేలటికెట్టు:
ఉషోదయం గారూ, అక్కడ వెక్కిరింత ఆవిడ మీద కాదండీ, ఆ క్యూ మీద. పాత హాలీవుడ్ సినిమాల్లో ఆడమనిషి భయపడితే చెంపదెబ్బే మందు. దాన్ని తుపాకీ దాకా సాగదీసి, అదెంత అడ్డగోలు పనో చూపించారు. అసలీ సినిమాయే 1957 నాటి సీరియస్ విమాన సినిమా ‘జీరో అవర్!’ హక్కులు కొని, దాన్ని వెక్కిరిస్తూ తీసింది. హీరో పేరు, చేపల భోజనం, చాలా డైలాగులు అందులోవే. ఇందులో నటించిన లెస్లీ నీల్సన్, రాబర్ట్ స్టాక్ అప్పటిదాకా సీరియస్ పాత్రలకే పేరు. ఇక్కడా ముఖంలో చిరునవ్వు లేకుండా అంతే గంభీరంగా మాట్లాడతారు. ఆ గాంభీర్యాన్నే సినిమా ఆటపట్టిస్తుంది.

మధ్యాహ్నపుఆట:
అదంతా ఒప్పుకుంటాను. కానీ ఆ పాత సినిమాలు చూడని పిల్లకు కనిపించేది దెబ్బలు తింటున్న మనిషే కదా? అసలుది మరుగునపడ్డాక పేరడీలో మిగిలేది దెబ్బే.

అలాగని అన్నీ ఒక్కలా లేవు. నల్లజాతి ప్రయాణికులిద్దరి యాసకు సబ్‌టైటిల్స్ వేసే సీన్ నాకు ఇప్పటికీ నచ్చుతుంది. ఆ మాటలు ఆ నటులిద్దరే కూర్చుకున్నారు. దాన్ని అనువదించే తెల్లజాతి పెద్దావిడ బార్బరా బిల్లింగ్స్‌లీ, టీవీలో ఆదర్శ అమ్మగా పేరుపడ్డ నటి. ఆవిడ నోట ఆ యాస గలగలా వస్తుంటే, తారుమారయ్యేది ఆవిడ ఇమేజే. అదే కెప్టెన్ కాక్‌పిట్‌లోకి వచ్చిన పిల్లాణ్ని అడిగే అసభ్యమైన ప్రశ్నలున్నాయే, వాటిని మాత్రం నేను సమర్థించలేను. అక్కడ నవ్వు కోసం వాడుకున్నది పసివాణ్ని.

ఉషోదయం:
పిల్లాడి సీన్ విషయంలో మీతోనే ఉన్నాను. నేలటికెట్టు గారూ, మీ మాట చదివాక నేనెందుకు నవ్వానో అర్థమైంది. హీరో చెంప పగలగొట్టగానే హీరోయిన్ దారిలోకి వచ్చే మన సినిమాలు చూస్తూ పెరిగాను. అప్పట్లో అలాంటి సీన్లకు హాల్లో ఈలలు పడేవి, నేనూ చప్పట్లు కొట్టాను. మా అమ్మాయికి ఆ అలవాటు లేదు, అందుకు నాకు సంతోషమే. ఈ ఆదివారం ముందు ‘జీరో అవర్!’ చూపించి, తర్వాత ఆ క్యూ సీన్ ఒక్కటే మళ్లీ వేస్తాను. అప్పుడూ తను నవ్వకపోతే నేను వాదించను.