తోట సిబ్బందిని నియమించేటప్పుడు సూక్ష్మ వాతావరణంపై అవగాహనను ఎలా గుర్తించాలి?

ప్రశ్న – తోట కమిటీ, హైదరాబాద్

నమస్కారం. మా గృహ సముదాయంలో నాలుగు బ్లాకుల మధ్య దాదాపు ఎకరం తోట ఉంది. దానికి ఒక సూపర్‌వైజరును, ఇద్దరు తోటమాలులను నియమించుకోవాలనుకుంటున్నాం. ఒకే రోజున నాటి, ఒకే కొలతలో నీరు పెట్టిన నూరువరహాల మొక్కలు తూర్పు వైపున గుత్తులుగా పూస్తుంటే, పడమటి గోడ పక్కనివి ఏప్రిల్‌లోనే ఆకుల అంచులు మాడి ఎండిపోతున్నాయి. పాత గుత్తేదారు ప్రతిసారీ అవే మొక్కలు తెచ్చి అక్కడే నాటించేవారు. దరఖాస్తుదారుల్లో ఉద్యాన డిప్లొమా చదివినవారూ, నర్సరీల్లో ఏళ్ల తరబడి పనిచేసినవారూ ఉన్నారు. ఒకే ఆవరణలో చోటును బట్టి ఎండ, గాలి, తేమ మారతాయన్నది, అంటే సూక్ష్మ వాతావరణం, ఎవరికి నిజంగా తెలుసో ఇంటర్వ్యూలో ఎలా తేల్చుకోవాలి?

జవాబు – చెల్కనేల

ఇంటర్వ్యూను ఆఫీసు గదిలో కాకుండా తోటలోనే, మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య పెట్టండి. మీరు ఏమీ అడగకుండా అభ్యర్థిని అరగంట తిరగనివ్వండి. పడమటి గోడను చేత్తో తాకి చూసేవారు, ఏసీ యూనిట్ల వేడిగాలి ఏ మొక్కల మీదికి వస్తోందో గమనించేవారు, బాల్కనీల కింద వానాకాలంలోనూ నేల పొడిగానే ఉంటుందని చెప్పేవారు మీకు కావలసినవారు.

తరువాత ఒక్క ప్రశ్న అడగండి: భవనం ఉత్తరపు గోడ పక్కన ఏడాదంతా నీడే ఉంటుందా? హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు కొద్దిగా ఉత్తరాన ఉంటాడు. పొద్దున, సాయంత్రం ఎండ ఈశాన్య, వాయవ్యాల నుంచి ఏటవాలుగా ఆ గోడ మీదే పడుతుంది. చలికాలమంతా అక్కడ హాయిగా పెరిగిన ఫెర్న్‌లు వేసవిలో మాడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. డిసెంబరులో ఇందుకు పూర్తిగా భిన్నం: మధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు కనుక 15 మీటర్ల భవనం నీడ ఉత్తరం వైపు 13 మీటర్ల దాకా పరుచుకుని, అక్కడి పచ్చిక పలచబడుతుంది. తోటమాలి ఈ లెక్కలు చెప్పనక్కరలేదు. “ఎండాకాలంలో అటువైపు కూడా ఎండ కొడుతుందండీ” అంటే చాలు.

జవాబు – గోదావరి గట్టు

అనుభవం ఎన్నేళ్లన్న దానికంటే ఏ నేలలో సంపాదించినదన్నది ముందు అడగండి. కడియం నర్సరీల నుంచి హైదరాబాదుకు వచ్చే మొక్కలు గోదావరి తీరపు తేమగాలిలో, చాలావరకు షేడ్‌నెట్ల కింద, వేళ్ల చుట్టూ ఒండ్రుమట్టి ముద్దతో పెరిగినవి. వాటిని లారీ దిగిన సాయంత్రమే ఎర్ర చెల్కలో, అదీ వేడెక్కిన గోడ పక్కన నాటితే, ఎండి గట్టిపడిన ముద్దలోకి ఇంకకుండా నీరంతా చుట్టుపక్కల వదులు నేలలోకి జారిపోతుంది. పైకి పాదు తడిగానే కనిపిస్తుంది, లోపల వేరు ఎండుతుంది. లోడు దిగిన రోజున ఏం చేస్తారని అడగండి. రెండు, మూడు వారాలు నీడలో ఉంచి మెల్లగా ఎండకు అలవాటు చేస్తామనీ, నాటేటప్పుడు ముద్ద అంచులు వదులు చేస్తామనీ చెప్పినవారిని నమ్మవచ్చు.

జవాబు – నాలుగో బ్లాకు

పై ఇద్దరి మాటలూ సరైనవే. అయితే ఇదంతా ముగ్గురి నుంచీ ఆశించడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఏ మొక్క ఎక్కడ నాటాలో నిర్ణయించే బాధ్యత సూపర్‌వైజరుది, ఆయన జీతమూ అందుకు తగినట్టుండాలి. తోటమాలులు తాము చూసింది చూసినట్టు చెప్పగలిగితే చాలు. నాలుగు వైపులా ఒకే పూలవరుస కావాలని కమిటీ పట్టుబడితే, ఎంత తెలిసినవారైనా చేయగలిగేది లేదు. ఆ నిర్ణయాధికారం వారికిస్తామని నియామక పత్రంలోనే రాయండి. పరిశీలన కాలం వానాకాలంలో పెట్టకండి, అప్పుడు అన్నీ పచ్చగానే ఉంటాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా చూస్తే పనితనం తెలుస్తుంది.

తోట కమిటీ

అందరికీ కృతజ్ఞతలు. ఈలోగా పడమటి గోడ పక్కన ఏమి నాటించమంటారు?

చెల్కనేల

కాగితం పూల తీగ, గన్నేరు ఆ వేడిని తట్టుకుంటాయి. గోడకు రెండు, మూడడుగుల దూరం వదిలి, పాదుల్లో ఎండుటాకులు మందంగా పరిచి, తెల్లవారుజామున నీరు పెట్టించండి. అయితే తీగ ఎక్కడ, గన్నేరు ఎక్కడ అన్నది మాత్రం కొత్త సూపర్‌వైజరు వచ్చాకే తేల్చండి. జూన్‌లో మొదలయ్యే నైరుతి గాలులు బ్లాకుల మధ్య సందుల్లో వేగం పుంజుకుంటాయి, తీగకు ఊత ఎటువైపు కట్టాలో ఆయన చూసుకోవాలి.