‘హెర్డింగ్ క్యాట్స్’ అంటే కప్పల తక్కెడేనా?

ప్రశ్న: బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా ఆఫీసులో ‘హెర్డింగ్ క్యాట్స్’ అనే మాట తరచూ వినిపిస్తుంది. పదిమందిని ఒక దారికి తేలేక తల పట్టుకున్నవాళ్లు అనే మాట. ‘పిల్లులను తోలడం’ అంటే ఎందుకో అతకడం లేదు. తెలుగులో ఏమనాలండీ?

జవాబు: మనం గొర్రెల్ని తోలతాం, ఆవుల్ని తోలతాం. పిల్లి మంద కట్టే జీవం కాదు, తోలితే ఒక్కోటీ ఒక్కో గోడెక్కుతుంది. ఇంగ్లీషు మాటలోని కిటుకంతా అదే. 2000లో అమెరికాలో సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ మ్యాచ్ ప్రసారంలో ఎలక్ట్రానిక్ డేటా సిస్టమ్స్ అనే కంపెనీ ఒక ప్రకటన వేసింది. గుర్రాలెక్కిన కౌబాయ్‌లు పిల్లుల మందను తోలుకుపోతుంటారు. మాట అంతకుముందే ఉన్నా, ఆ ప్రకటనతో బాగా పాకింది.

మనకు దీనికి దగ్గరగా ఉన్నది కప్పల తక్కెడ. ఒక కప్పను తక్కెడలో పెట్టి ఇంకోదాన్ని తెచ్చేలోపు మొదటిది దూకేస్తుంది, తూకం ఎప్పటికీ తెగదు. మా అపార్ట్‌మెంట్‌లో ఉగాదికి కోలాటం వేద్దామనుకున్నప్పుడు నేను చూసింది సరిగ్గా ఇదే. కోలాటానికి జతలు కావాలి, ఒక్కరు తగ్గినా ఎదుటివాళ్ల కర్ర గాల్లోనే ఉండిపోతుంది. క్లబ్‌హౌస్‌లో ఏడుగురు కర్రలు పట్టుకుని నిలబడితే ఎనిమిదో ఆవిడ సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఉంటుంది. ఆవిడ వచ్చేసరికి ‘పాపకు ఆన్‌లైన్ క్లాసుంది అక్కా’ అంటూ ఇంకొకరు వెళ్లిపోతారు. అందరూ మంచివాళ్లే, అందరికీ వేయాలనే ఉంది. తూకమే కుదరదు. మా కన్నడ పక్కింటావిడకు ఈ మాట నేను విడమరిచి చెప్పాల్సిన పనే పడలేదు. వాళ్లకూ కప్ప కప్పెయే, తక్కెడ తక్కడియే.

మరొకరు: భర్తృహరి పద్యం ఉంది కదండీ, ‘తివిరి యిసుమున తైలంబు తీయవచ్చు’? అది సరిపోదా?

జవాబు: ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన ఆ పద్యం నాకు ప్రాణం. సంస్కృతంలోని ‘యత్నతః’ను ‘తివిరి’ అనే చిన్న మాటలో పెట్టేశాడు మహానుభావుడు. కానీ ఇక్కడ వాడకూడదని నా గట్టి అభిప్రాయం. ఇసుకలో నూనె, ఎండమావిలో నీళ్లు, కుందేటి కొమ్ము, ఇవన్నీ జరగనివి. అవైనా జరుగుతాయేమో గానీ ‘చేరి మూర్ఖుల మనసు రంజింపరాదు’ అని తేల్చేస్తుంది పద్యం. మన కోలాటం వాళ్లు మూర్ఖులు కారు, పని అసాధ్యమూ కాదు. చివరికి అయిపోతుంది, కాకపోతే నడిపించేవాళ్లకు తల ప్రాణం తోకకొస్తుంది. అసలు పడే పాట్లు చెప్పాలంటే ఈ ‘తల ప్రాణం తోకకు రావడం’ అనే మాటే వాడండి.

ఇంకొకరు: ‘లైక్ పుల్లింగ్ టీత్’ కూడా ఇదేనా?

జవాబు: కాదండీ. అది గుంపు గురించే కానక్కర్లేదు. ఎంత అడిగినా నోరు విప్పని ఒక్క మనిషికీ చెల్లుతుంది. ‘పళ్లు పీకినట్టు’ అని తెలుగు చేస్తే పాపం పన్ను పోయినవాడి మీదికి జాలి పోతుంది, అడిగి అడిగి అలిసిపోయినవాడి బాధ కనపడదు. ‘బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు’ అనండి, చాలు. మాట్లాడతాడు గానీ ప్రతిదానికీ అడ్డం తిరుగుతాడంటే ఎడ్డెమంటే తెడ్డెమనే రకం. ఎవరి పని వాళ్లు చూసుకుపోతే ‘ఎవరికి వారే యమునా తీరే’.

మొదట అడిగినవారికి ఒక్క జాగ్రత్త. పూటకో పార్టీ మారే నాయకుల గురించి రాసి రాసి పేపర్లవాళ్లు కప్పల తక్కెడకు కాస్త విషం ఎక్కించారు. ఇంగ్లీషు పిల్లుల్లో ఆ నింద లేదు, పిల్లికి దాని తెలివి దానికుందన్న ఒప్పుకోలు కూడా ఉంది. అందుకని మీ టీమ్‌లో తెలుగువాళ్లుంటే వాళ్ల ముఖం మీద ‘మీది కప్పల తక్కెడ’ అనకండి, మాట నిలుపుకోనివాళ్లని అన్నట్టు వినిపిస్తుంది. ‘తలో దారీ పడితే ఎలాగండీ’ అంటే ఎవరూ నొచ్చుకోరు.