9999కి 1 కలిపితే చక్రాలు బిగుసుకుంటున్నాయి

ప్రశ్న (గుంటూరు, అరండల్‌పేట):
స్కూల్ సైన్స్ ఫెయిర్‌కి పిల్లలతో చెక్క చక్రాల కూడిక యంత్రం చేయిస్తున్నాను. ప్రతి చక్రానికీ ఒక పొడవాటి పన్ను ఉంది. 9 నుంచి 0కి వచ్చేటప్పుడు అది పక్క చక్రాన్ని ఒక అంకె జరుపుతుంది. 19కి 1 కలిపితే బాగానే వస్తోంది. 9999 దగ్గర మాత్రం కదలడం లేదు. పాత యంత్రాల్లో ఏం చేశారు?

జవాబు (విజయవాడ, ఆటోనగర్):
మేడమ్, నేను లేత్ పని చేస్తాను. అన్ని పళ్లూ ఒకేసారి పట్టుకుంటాయి, మొత్తం భారం ఒకట్ల చక్రం మీదే పడుతుంది. 1623లో జర్మన్ పండితుడు షికార్డ్ తయారుచేసిన లెక్కల యంత్రానిదీ ఇదే పద్ధతి, ఇదే ఇబ్బంది.

ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త పాస్కల్ దారి వేరు. ఆయన యంత్రంలో చక్రం పక్క చక్రాన్ని నేరుగా తిప్పదు. తిరుగుతూ ఒక బరువైన మీటను కొద్దికొద్దిగా పైకి లేపుతుంది. 9 దాటగానే మీట జారి పడుతుంది, ఆ పడే ఊపే పక్క చక్రాన్ని ఒక అంకె నెడుతుంది. ఎన్ని 9లున్నా సరే, ఏ చక్రానికి కావాల్సిన బలం దాని మీట దగ్గరే సిద్ధంగా ఉంటుంది. 1642లో ఈ పని మొదలుపెట్టేటప్పటికి ఆయనకి ఇరవై ఏళ్లు నిండలేదు! నాకైతే చాలా గొప్పగా అనిపిస్తుంది.

జవాబు (గుంటూరు):
మీట పెడితే చక్రాలు వెనక్కి తిరగవు, టీచర్ గారూ. అందుకే పాస్కల్ తీసివేతను కూడా కూడికగానే చేయించాడు: ప్రతి అంకెనూ 9లోంచి తీసేసి వచ్చిన సంఖ్యతో. పిల్లలకి అది కూడా చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
మీటకి బరువుగా ఇనప నట్టు సరిపోతుందా?

జవాబు (ఆటోనగర్):
సరిపోతుంది. ముందు ఇరుసులకి కొవ్వొత్తి మైనం రాయండి.