పెరట్లో తుంగ: వెనిగర్ పోయాలా, గడ్డి మందు కొట్టాలా?

పెరటిమడి (ప్రశ్న)

హన్మకొండల ఇంటి వెనుక 40 గజాల పెరడు ఉంది. ఎర్ర చల్క నేల, దాని మీద నిరుడు రెండు ట్రాక్టర్ల చెరువు మట్టి పోయించినం. బెండ, టమాట, వంకాయ మడులున్నయి, ఒక మూలకు కరివేపాకు, అరటి. మృగశిర వానలు పడ్డప్పటి నుంచి మడుల నిండా తుంగ. గేటు దగ్గర టైల్స్ సందుల్ల గరిక, ప్రహరీ బయట వయ్యారిభామ. దుకాణంల అడిగితే "గడ్డి మందు" అని ఏదో డబ్బా చూపిస్తున్నరు. యూట్యూబ్‌ల అయితే వెనిగర్, ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి కొట్టమంటున్నరు. ఇంట్ల చిన్న పిల్లలున్నరు, కోళ్లున్నయి. మడులు పాడుగాకుంట కలుపు ఎట్ల పోతది? కొలతలతోని చెప్పండి.

చల్కనేల

ముందు మీ తుంగ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తా. చాలామటుకు ఆ చెరువు మట్టితోనే. చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే లోపలి నేలలో) తుంగ గడ్డలు ఉండుడు మామూలే, పూడిక తీసినప్పుడు మట్టితోపాటు ట్రాక్టర్ ఎక్కుతయి. కాబట్టి విత్తనం నుంచి మొలిచే కలుపుకు చెప్పే మందులేవీ దీనికి పనికిరావు. పైన కనిపించే ఆకు చిన్న విషయం. కింద గడ్డలు ఒకదానికొకటి దారం లాంటి వేరుతో గొలుసుగ ఉంటయి, ఎక్కువ భాగం జానెడు లోతులోపే. చేత్తో గుంజితే ఆకు తెగి వస్తది, గొలుసు తెగుతది, అప్పటిదాకా నిద్రపోయిన పక్క గడ్డలు కూడా మొలుస్తయి. పవర్ వీడర్ తిప్పితే ఇంకా అన్యాయం, ఒక మడిలో ఉన్నది నాలుగు మడులకు పంచినట్టు.

వెనిగర్ సంగతి. కిరాణాలో దొరికేదాంట్లో అసిటిక్ ఆమ్లం 4–5 శాతమే. రెండాకుల దశలో ఉన్న లేత మొలకల మీద ఎండ బాగా ఉన్నప్పుడు కొడితే సాయంత్రానికి మాడుతయి. తుంగ, గరిక మీద కొడితే ఆకు మాడి, వారం పది రోజులకు మళ్లీ పచ్చగ లేస్తది, ఎందుకంటే అది తాకిన చోటే కాలుస్తది, గడ్డ దాకా పోదు. ఘాటు చాలలేదని కెమికల్ దుకాణం నుంచి గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం తెచ్చి కలిపే వాళ్లున్నరు. అది 99 శాతం ఉంటది, చర్మం కాలుస్తది, చుక్క కంట్ల పడితే చూపుకే ప్రమాదం. వంటింట్ల వాడే వస్తువే గదా అని ధైర్యం చెయ్యకండి.

ఉప్పు అసలే వద్దు. చెరువు మట్టిలో బంక ఎక్కువ, సోడియం పట్టుకుంటది, మట్టి పెళ్లకట్టి నీళ్లు దిగవు. తుంగ కంటే ముందు బెండ పోతది. కొన్ని వీడియోల్లో ఎప్సమ్ సాల్ట్ అంటరు, అది మెగ్నీషియం సల్ఫేట్, మొక్కలకు వేసే ఎరువు. దానితో కలుపు చావదు.

టైల్స్ సందులకు సలసల మరిగే నీళ్లు చాలు, గంజి అయినా సరే. ఒక్కో కుదురుకు లీటరు దాకా, నెమ్మదిగ మొదలు దగ్గర పొయ్యాలె. గరిక మళ్లీ లేస్తది, పది పదిహేను రోజులకోసారి మూడు నాలుగు సార్లు పోసి, చచ్చినంక సందులు సిమెంటు-ఇసుకతో నింపండి. ఖాళీ సందు ఉన్నంత కాలం గరిక వస్తనే ఉంటది.

కార్తెలెక్క

చల్కనేల గారు చెప్పింది మడుల వరకు ఒప్పుకుంటా. కానీ గరిక, తుంగలను వేర్ల దాకా చంపేది గ్లైఫోసేట్ లాంటి అంతర్వాహిక (ఆకు నుంచి వేర్ల దాకా పాకే) మందే అన్నది కూడా చెప్పాలి. పంట లేని చోట్లకు మామూలుగా చెప్పే మోతాదు: 41 శాతం ద్రావణం 10 మి.లీ., అమ్మోనియం సల్ఫేట్ 10 గ్రా. లీటరు నీటికి. ఫలితం రాలేదనే వాళ్లలో చాలామంది చేసే తప్పులివి.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, అది మందును కట్టేస్తుంది. అమ్మోనియం సల్ఫేట్ వేసేది అందుకే. వాన నీళ్లు ఇంకా మేలు. నీళ్లు మురికిగా ఉంటే మందు మట్టికి అతుక్కుని పనిచేయదు. ఇనుప రేకు బకెట్‌లో కలపొద్దు, ప్లాస్టిక్‌లోనే. కొట్టే ముందు గడ్డి కోయొద్దు, మందు దిగేది ఆకు నుంచే. ఎండకు వడలిన గడ్డి మీద కూడా దండగ, వాన పడి పచ్చగా పెరుగుతున్నప్పుడు కొట్టాలి. తరువాత కనీసం 6 గంటలు వాన పడకూడదు. వారానికి పసుపు తిరుగుతుంది, ఎండిపోవడానికి రెండు వారాలు పడుతుంది. ఈలోపు తవ్వితే మందు గడ్డలకు చేరదు. నిద్రలో ఉన్న గడ్డకు ఎలాగూ చేరదు కాబట్టి తుంగకు ఒక్కసారితో తీరదు.

కూరగాయల మడుల్లో మాత్రం వద్దు. తుంపర పడితే టమాట, బెండ ఏదీ మిగలదు. కరివేపాకు పిలకల మీద, అరటి పిలకల మీద పడితే తల్లి మొక్కకూ పాకుతుంది.

ఇంకొకటి: వరి రైతుల దగ్గర స్ప్రేయర్ అడిగి తెచ్చుకుంటారు. దాంట్లో 2,4-డి (వెడల్పాకు కలుపును చంపే మందు) మిగులు ఉంటే టమాట ఆకులు సన్నగా తాళ్లలా మెలి తిరుగుతాయి. వైరస్ తెగులు అనుకుని ఇంకో మందు కొడతారు.

గట్టుమీద

అన్నా, మోతాదు సరే గాని చట్టం సంగతి విడిచిపెట్టిన్రు. 2022 అక్టోబరుల కేంద్ర ప్రభుత్వం గెజిట్ ఇచ్చింది: గ్లైఫోసేట్ పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే (మందు కొట్టేటందుకు లైసెన్సు ఉన్నోళ్లే) కొట్టాలె. అంటే ఇంటాయన డబ్బా కొనుక్కొచ్చి పెరట్ల కొట్టుడు కాదు. లేబుల్ మీద కూడా తేయాకు తోటలు, పంట లేని జాగలనే ఉంటది, కూరగాయలుండవు. 2015ల ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నది" అనే జాబితాల పెట్టింది. అమెరికా పర్యావరణ సంస్థ ఒప్పుకోలేదు. ఆ పంచాయితీ తెగేదాకా పిల్లలాడే జాగల దూరం ఉండుడే మంచిది.

దానికంటే ముఖ్యం, దుకాణంల "గడ్డి మందు" అంటే ఏమిస్తున్నరో పేరు చదువుండ్రి. "రెండ్రోజుల్లనే మాడుతది" అంటే పారాక్వాట్ కావచ్చు. దానికి విరుగుడు లేదు. ఒక్క గుక్క మింగినా ఊపిరితిత్తులు గట్టిపడి మనిషి పోతడు. పిల్లలున్న ఇంట్ల అది ఉండనే వద్దు, కూల్‌డ్రింక్ సీసాల పోసి దాసుడు అసలే వద్దు. పైగా అది కూడా తాకిన ఆకునే మాడుస్తది, మీ తుంగ గడ్డకు ఏం కాదు. అంత విషం తెచ్చి వెనిగర్ చేసే పనే చేయించుకున్నట్టు.

పెరటిమడి

గడ్డి మందు ఆలోచన బందు. రెండు అనుమానాలు. వయ్యారిభామకు ఉప్పు నీళ్లు కొట్టమని వ్యవసాయం వాళ్లే చెప్తరు కదా, మరి అదెట్ల? ఇప్పుడు బెండ జానెడు ఉంది, దాని నడుమ తుంగను ఏం చెయ్యాలె?

చల్కనేల

నిజమే, లీటరుకు 200 గ్రాముల ఉప్పు అని చెప్తరు. అది రోడ్డు పక్కన, బీడు జాగలకు. మీది ప్రహరీ వెంట, వాన నీళ్లు లోపలికి దిగితే మీ మడికే వస్తయి. 40 గజాల పెరడున్న ఇంటికి అంత అవసరం లేదు. వాన పడ్డ తెల్లారి నేల మెత్తగ ఉన్నప్పుడు, పూతకు ముందు, చేతులకు తొడుగులు, పూర్తి చేతుల చొక్కా వేసుకుని వేరుతో సహా పీకండి. పూత వచ్చినంక ముట్టుకుంటే కొందరికి దురద, దద్దులు, పుప్పొడితో తుమ్ములు, ఆయాసం. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తది, అందుకే పూతకు ముందు అనేది. పూత లేనిది కంపోస్టుల వేసుకోవచ్చు. తుంగ గడ్డలు, గరిక కణుపులు మాత్రం కంపోస్టుల వెయ్యొద్దు, బండ మీద కరకర ఎండబెట్టి పారెయ్యాలె.

బెండ నడుమ ఇట్ల చెయ్యండి. తడి నేలలో ఖుర్పీ మొక్కకు నాలుగు వేళ్ల దూరంలో గుచ్చి, మట్టి లేపి, గడ్డతో సహా తియ్యండి. బెండ మొదట్లో ఉన్నది తవ్వితే దాని వేరు తెగుతది, దాన్ని నేలమట్టంగ కొయ్యండి. రెండు వారాలకోసారి, నాలుగాకులు దాటకముందే. ఆకు ఎక్కువ రోజులు ఉంటే కింద కొత్త గడ్డలు పెడతది. ఒక్కసారి పండుగకు వదిలేస్తిరా, ముందటి పనంతా పోయినట్టే.

తీసినంక నాలుగు అంగుళాల మందం వరిగడ్డి కప్పండి. దులిపి వెయ్యండి, లేకుంటే తాలు గింజల నడుమ ఉన్న వడ్లు మొలుస్తయి. కాండానికి బెత్తెడు దూరం. తుంగ దాన్ని కూడా చీల్చుకుని వస్తది గాని విత్తనపు కలుపు ఆగుతది, వచ్చిన తుంగ తీసుడు కూడా సులువు.

గట్టుమీద

చల్క నేలల వరిగడ్డి మందంగ కప్పితే చెదలు పడ్తయి, అది చూసుకోండ్రి. వారానికోసారి ఎత్తి చూసి, మట్టి గూడు కనిపిస్తే ఆ జాగల గడ్డి తీసి ఆరబెట్టాలె. కోళ్లను విడిస్తే వరిగడ్డి అంతా చెదరగొడ్తయి, చుట్టూ వల కట్టుకోండ్రి.

కార్తెలెక్క

ఖాళీ మడులకు ఎండాకాలం పని కూడా రాసుకోండి. ఏప్రిల్‌లో జానెడున్నర లోతు తవ్వి, దొరికిన తుంగ గడ్డలు ఏరి, మిగిలినవి పెళ్లలతో సహా ఎండకు వదలండి. పది పదిహేను రోజులు తడి తగలకపోతే పైకి తేలిన గడ్డలు ఎండి చస్తాయి. నడుమ నీళ్లు పెడితే బతుకుతాయి, డ్రిప్ ఉంటే బందు పెట్టండి.

తరువాత మే నెలలో మడి చదును చేసి బాగా తడిపి, 25 మైక్రాన్ల పారదర్శక పాలిథీన్ నేలకు అంటేలా పరిచి, అంచులు మట్టిలో పూడ్చి 4–6 వారాలు ఉంచండి. నల్ల కవర్ వద్దు, దాని కింద నేల అంత వేడెక్కదు. తడి లేకుండా పరిచినా అంతే, వేడి కిందికి దిగదు. పై పొరలో ఉన్న గింజలు ఉడికిపోతాయి. లోతు గడ్డలు కొన్ని మిగిలి కవర్ పొడుచుకుని వస్తాయి, ఆ చిల్లులకు వెంటనే టేపు వేయండి.