అప్‌డేట్: కార్వెట్ జెడ్06కి మార్కప్ కట్టాలా వద్దా అన్నది తేలింది

షెవర్లే వాళ్ళ స్పోర్ట్స్ కారు కార్వెట్ జెడ్06కి స్టిక్కర్ ధర (కంపెనీ కారు అద్దం మీద అతికించే ధర) మీద డీలర్ అడిగే అదనం, అంటే మార్కప్, కడితే తర్వాత అమ్మినప్పుడు తిరిగొస్తుందా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మార్కప్ కట్టలేదు. పక్క రాష్ట్రంలో స్టిక్కర్ ధరకే దొరికింది.

బాగా పనికొచ్చిన సలహా: అమ్మకానికి పెట్టిన ధరలు కాదు, వేలంలో నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూడమన్నది. చూస్తే విషయం తెలిసిపోయింది. తొలి కార్లకు పలికిన ప్రీమియం, కార్లు ఎక్కువగా వచ్చేకొద్దీ కరిగిపోయింది. మొదటి డీలరేమో అద్దం మీద కంపెనీ స్టిక్కర్ పక్కనే 'మార్కెట్ అడ్జస్ట్‌మెంట్' అని ఇంకో కాగితం అతికించాడు. ఆ డబ్బుకి కారులో ఒక్క బోల్టు కూడా అదనంగా రాదు! లోన్ ఇచ్చేవాళ్ళు కూడా ఆ మొత్తం మీ జేబులోంచే పెట్టుకోండి అన్నారు.

కంపెనీకి ఫిర్యాదు చేయమన్న సలహా మాత్రం ఫలించలేదు. అమెరికాలో డీలర్లు స్వతంత్ర వ్యాపారులు, స్టిక్కర్ మీద ఉండేది సూచించిన ధర మాత్రమే. రంగు గురించి నేను పడ్డ టెన్షన్ కూడా దండగే, నేను చూసిన అమ్మకాల్లో దానివల్ల ధరలో పెద్ద తేడా కనిపించలేదు.

ఇప్పుడు వెతుకుతున్నవాళ్ళు అడ్వాన్స్ ఇచ్చేముందే 'స్టిక్కర్ ధరకే, వద్దంటే అడ్వాన్స్ వాపసు' అని ఈమెయిల్లో రాయించుకోండి. డెలివరీ రోజు సేల్స్‌మన్ కొత్త ఛార్జీ ఒకటి తీస్తే, నేను చూపించింది ఆ ఈమెయిలే.