సెంట్రల్ విస్టా నడక: ఎటు నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఢిల్లీలో ఒక పూట ఖాళీ దొరికింది. ఇండియా గేట్ నుంచి రాష్ట్రపతి భవన్ దాకా నడుద్దామనుకుంటున్నా. ఏ వైపు నుంచి వెళ్తే ప్లాన్ అర్థమవుతుంది? కొండ మీది సెక్రటేరియట్ భవనాలు నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్ ఫొటోల్లో ఒకేలా ఉన్నాయి, ఏది ఏదో ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: పొద్దున్నే ఇండియా గేట్ దగ్గర మొదలుపెట్టి పడమటికి నడవండి. ఈ రెంటినీ కలిపే రోడ్డు, కర్తవ్య పథ్, తూర్పు పడమరలుగా ఉంటుంది. ఉదయం ఎండ మీ వీపు మీద, ఎదురుగా రైసినా కొండ మీది భవనాల మీద పడుతుంది. సాయంత్రం వెళ్తే సూర్యుడు రాష్ట్రపతి భవన్ వెనక దిగుతాడు, ఫొటోలన్నీ నల్లగా వస్తాయి. కొండ వైపు తిరిగి నిలబడితే కుడిచేతి వైపుది నార్త్ బ్లాక్, ఎడమది సౌత్ బ్లాక్. ఆ రెండిటినీ రూపొందించిన ఆర్కిటెక్టు హెర్బర్ట్ బేకర్, వెనక ఉన్న రాష్ట్రపతి భవన్‌ని రూపొందించింది ఎడ్విన్ లుట్యెన్స్.

ఇండియా గేట్‌ని ఆనుకుని మెట్రో లేదు. సెంట్రల్ సెక్రటేరియట్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కండి. నడకంతా నేరేడు చెట్ల నీడలోనే పెట్టుకోండి. జనవరిలో అయితే పరేడ్ రిహార్సల్స్‌కి రోడ్డు మూసేస్తుంటారు, ముందే కనుక్కోండి.

ప్రశ్న: కొండ కింద ఉన్న కూడలి, విజయ్ చౌక్ దగ్గర రాష్ట్రపతి భవన్ గుమ్మటం కనబడదంటారు, నిజమేనా?

జవాబు: నిజమే, ఆ నడకలో అసలు చూడాల్సింది అదేనండీ. దూరం నుంచి గుమ్మటం బాగా కనిపిస్తుంది. విజయ్ చౌక్ దగ్గరపడేకొద్దీ భవనం కొండ వెనక్కి కుంగిపోతున్నట్టుంటుంది. వాలు ఎక్కాక మళ్లీ పైకి లేస్తుంది. కారణం ఏమిటంటే, మొదట కొండ మీద వైస్రాయ్ నివాసం (ఇప్పటి రాష్ట్రపతి భవన్) ఒక్కటే ఉండాలనుకున్నారు. బేకర్ తన రెండు సెక్రటేరియట్ బ్లాకులను కూడా పైకి తెచ్చాడు, దాంతో నివాసం పడమటికి జరిగింది. వాలు తగ్గించాలని లుట్యెన్స్ ఎంత పోరినా ఖర్చు పేరు చెప్పి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఇద్దరి స్నేహం అక్కడే చెడింది. చౌక్‌కి ఇవతల ఒకసారి, చౌక్‌లో ఒకసారి, పైన రెండు బ్లాకుల మధ్య ఒకసారి ఆగి చూడండి, ఆ గొడవంతా కళ్లకు కడుతుంది.

ప్రశ్న: మరి పార్లమెంటు ఈ వరుసలో లేదేం, పక్కకి ఎందుకుంది?

జవాబు: 1911లో రాజధాని మార్పు ప్రకటించాక గీసిన ప్లాన్‌లో దానికి చోటే లేదు. 1919 సంస్కరణలతో కేంద్రంలో రెండు సభలు వచ్చాయి. అప్పుడు కొండ కింద, కుడివైపు, గుండ్రటి భవనం కట్టి 1927లో ప్రారంభించారు. దాని పక్కనున్న త్రికోణపు కొత్త భవనం 2023లో తెరిచారు, పాతదాన్ని ఇప్పుడు సంవిధాన్ సదన్ అంటున్నారు.

ఇంకో సభ్యుడు: ఆఫీసు పని మీద వెళ్లేవాళ్లు పాత అడ్రసు నమ్ముకోవద్దు. 2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వ కొత్త ఆఫీసు భవనం కర్తవ్య భవన్-3 మొదలయ్యాక మంత్రిత్వ శాఖలు మారుతున్నాయి. తాజా ఉత్తరం మీద ఏ భవనం పేరుందో చూసుకుని బయల్దేరండి. రాష్ట్రపతి భవన్ లోపలికి వెళ్లాలంటే ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి, గుర్తింపు కార్డు మర్చిపోకండి.