ప్రొబేషన్‌ల ఉన్న కబడ్డీ ప్లేయరు వేరే రాష్ట్రం క్యాంపుకు ఎట్ల పోవాలె? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి

పరకాల_రైడర్_అన్న:
అందరికి నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. మా తమ్ముడు రైడరు, 20 ఏండ్లు. ఈసారి ఒక లీగు టీమోళ్లు కొత్త పిలగాండ్ల లెక్కల తీసుకున్నరు, క్యాంపు పుణె దిక్కు, రెండు నెలల పైనే ఉంటదట. కిరికిరి ఏందంటే పోయిన దసరాకు ముందటి దసరా నాడు ఊర్ల జమ్మిచెట్టు కాడ రెండు గ్యాంగుల పోరగాండ్లకు లొల్లయింది, అవతలి పిలగానికి తల పలిగి కుట్లు పడ్డయి, మావోని పేరు గూడ కేసుల ఎక్కింది. రాజీకి మస్తు తిరిగినం, కుదరలే. హన్మకొండ కోర్టుల నేరం రుజువైంది గని జైలుకు పంపకుంట ప్రొబేషన్ మీద ఇడిచిపెట్టిండ్రు. ఏడాది దాక బుద్ధిగ ఉంట అని బాండు, మా మేనమామ షూరిటీ. నెలకోసారి ప్రొబేషన్ ఆఫీసర్ కాడ సంతకం పెట్టాలె, పర్మిషన్ లేకుంట జిల్లా దాటద్దు, తాగద్దు.
ఆఫీసర్ సారు మంచోడే, అడిగితే "పోయి మంచిగ ఆడు పో" అన్నడు, గని నోటి మాటనే, కాయితం లేదు. మా వకీలు ఫోన్ ఎత్తుతలేడు. టీమోళ్లేమో కోర్టు కాయితం ఏదన్న పంపుండ్రి అంటున్నరు. గిట్లాంటిది ఎవలకన్న అయిందా? నోటి మాట మీద పోతే ఏమన్నయితదా?

మంచిర్యాల_బుల్లెట్:
ఏం కాదన్నా రైలెక్కియ్యి. పుణెల ఎవడు చూస్తడు. మా దోస్తు ఒకడు బాండు మీదున్నప్పుడే షిర్డీ పోయొచ్చిండు, గోవా గూడ పోయొచ్చిండు, ఎవ్వడు అడగలే.

నల్లకోటు_హన్మకొండ:
బుల్లెట్ తమ్మీ, షిర్డీ పోయినోన్ని ఎవరూ టీవీల చూపియ్యరు. లీగ్ మ్యాచ్‌ల రైడ్‌కు పోయేటోన్ని రాష్ట్రమంత చూస్తది, అందరికన్న ముందు చూసేది తల పలిగిన పిలగాని ఇంటోళ్లు. వాళ్లొక్క పిటిషన్ పడేస్తే సరిపాయె.
పరకాల తమ్ముడూ, నేను హన్మకొండలనే ప్రాక్టీస్ చేస్త. కోర్టు ఆర్డరు చూడంది మీ కేసు గురించి గట్టిగ చెప్పలేను, రూలు వరకు చెప్త. ఇది 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం. నాలుగో సెక్షన్ కింద బాండు మూడేండ్ల దాక ఉండచ్చు, ఆఫీసర్ నిగరానీ పెడితే అది ఏడాదికి తక్కువ ఉండదు. తీర్పు నాటికి మీవోనికి 21 నిండలేదు కాబట్టి ఆరో సెక్షన్ ప్రకారం కోర్టు ముందుగాలనే ఆఫీసర్ దగ్గర రిపోర్టు తెప్పించుకొని ఉంటది. అందుల కబడ్డీ ముచ్చట ఉన్నదా చూడుండ్రి. "ఆటల భవిష్యత్తు ఉన్నది" అని ఒక్క లైను ఉన్నా మీకు సగం పని అయినట్టే, ఆ ఆట ఆడనీకే ఇప్పుడు పర్మిషన్ అడుగుతున్నరు కదా.
ఇగ నోటి మాట సంగతి. జిల్లా దాటద్దని కండిషన్ పెట్టింది జడ్జి, దాన్ని సడలించే పవర్ ఆఫీసర్‌కు లేదు. ఎనిమిదో సెక్షన్ కింద ఆఫీసర్ కోర్టుల అప్లికేషన్ పెడితే కోర్టు కండిషన్ మారుస్తది. అంటే ఆయన మంచోడే అయితే "పో" అనుడు కాదు చేయాల్సింది, అప్లికేషన్ మీద సంతకం పెట్టాలె. బాండు సర్టిఫైడ్ కాపీ మీ దగ్గర లేకుంటే రేపే కాపీ అప్లికేషన్ పెట్టుండ్రి. చానమందికి తమ బాండుల ఏం రాసి ఉన్నదో తెల్వది, కోర్టుల అంత హడావిడిల సంతకం పెట్టి బయటపడ్తరు.

కరీంనగర్_స్మాషర్:
నల్లకోటు సారు చెప్పింది పక్కా. నేను వాలీబాల్ ఆడేటోన్ని. మా టీంల లిఫ్టర్‌కు సేమ్ కేసు. ఆఫీసర్ వాట్సాప్‌ల "ఓకే" అని పెట్టిండు, దాని మీదనే టోర్నమెంట్‌కు కేరళ పోయినం. అంతల ఆఫీసర్‌కు ట్రాన్స్‌ఫర్ అయింది. కొత్తాయన రిజిస్టర్ తీసి చూస్తే ఆ నెల సంతకం గడి ఖాళీ, ఫైల్‌ల పర్మిషన్ కాయితం లేదు. ఆయన తప్పేం లేదు, ఉన్నది ఉన్నట్టు కోర్టుకు రాసిండు. సమన్లు ఇంటికొస్తే వాళ్లమ్మ ఒక్కతే ఉన్నది, పాపం పోలీసోళ్లనంగనే బీపీ లేసింది. వాట్సాప్ స్క్రీన్‌షాట్ ప్రింట్ తీస్కపోయి చూపిస్తె కోర్టుల ఎవలు పట్టించుకోలే, పాత ఆఫీసర్ నంబర్ కలుస్తలేదు. చివరికి వదిలేసిండ్రు గని సీజన్ మొత్తం కోర్టు చుట్టే తిరిగిండు, నెట్ కాడ ఉండాల్సినోడు బెంచీ మీద కూసున్నడు.

మంచిర్యాల_బుల్లెట్:
యాభై రూపాయల ఫైనేనట కదా దానికి? ఎవలో అన్నరు. 50 రూపాయలకు గింత లొల్లా

నల్లకోటు_హన్మకొండ:
సగం విన్నవు తమ్మీ. తొమ్మిదో సెక్షన్‌ల ఉన్నది నిజమే, మొదటిసారి కండిషన్ తప్పితే 50 రూపాయలకు మించకుండ జరిమానా వేసి బాండు అట్లనే కొనసాగించచ్చు. 1958ల రాసిన అంకె, ఎవరూ మార్చలే. కని అదే సెక్షన్‌ల ఇంకో మాట గూడ ఉన్నది, అసలు నేరానికి అప్పుడు వెయ్యని శిక్ష ఇప్పుడు వెయ్యచ్చని. రెండింట్ల ఏదనేది జడ్జి ఇష్టం, మన ఇష్టం కాదు. వారెంట్ గూడ ఇయ్యచ్చు, షూరిటీకి సమన్లు గూడ పోతయి. మేనమామను కోర్టు మెట్లెక్కిస్తే ఇంట్ల ఏమైతదో మీకే తెల్వాలె.

కాజీపేట_లోకో:
అమెరికాల మైక్ టైసన్‌కు గిట్లనే అయింది. 1992ల ఇండియానా కేసుల జైలుకు పోయి 95ల బయటికొచ్చిండు, ప్రొబేషన్‌ల ఉండంగనే 98ల మేరీలాండ్‌ల రోడ్డు మీద కారు తాకిందని ఇద్దర్ని కొట్టిండు, 99ల మళ్ల లోపటికి. అంత పెద్ద బాక్సరునే ఇడువలే.

కరీంనగర్_స్మాషర్:
టైసన్ ముచ్చటెందుకు లోకో అన్నా, ఈ పిలగాడు కొట్లాటకు కాదు క్యాంపుకు పోతా అంటున్నడు 😀

నర్సంపేట_వదిన:
ఒకటి చెప్త, జిల్లా దాటుడు గురించే అందరు మాట్లాడుతున్నరు గని "తాగద్దు" అన్న కండిషన్ తోని మా మరిది పరేషాన్ అయిండు. ఆయన ఖోఖో ఆడేది. మా అత్తగారింటి దిక్కు పెండ్లయింది, మా దిక్కు పెండ్లంటే కల్లు లేకుంట ఉంటదా, తాటి వనంల అందరు కూసున్నరు, ఈయన తాగలే గని ఎవలో చేతికిస్తె కల్లు తాగే తాటాకు రేక పట్టుకొని ఫోటోల నిలబడ్డడు. ఒక తమ్ముడు స్టేటస్ పెట్టిండు. అవతలి పార్టీవోళ్లు దాన్ని కలర్ ప్రింట్ తీసి ఆఫీసర్ టేబుల్ మీద పెట్టిండ్రు! మా ఇంట్లోళ్లు "కల్లు మందుల లెక్కెట్లయితది" అని వాదన పెట్టిండ్రు. బాండుల మత్తు పదార్థం అని రాసిండ్రాయె, కల్లా బ్రాందా అని రాయలే. ఆఫీసర్ మంచిగ మందలించి ఇడిచిండు. అప్పటిసంది ఆయన పెండ్లిళ్లల్ల థమ్సప్ సీసా గూడ పట్టుకోడు ఫోటోల. కొత్తగ పేరొస్తున్న పిలగాడు, అందరు సెల్ఫీలు దిగుతరు, ఊర్లెకొస్తే జర చూసుకోమను.

పీఈటీ_సారు_ములుగు:
క్యాంపు లెటర్ గురించి చెప్తాను, నా చేతి మీదుగా చాలామంది పిల్లలు పోయారు. "క్యాంపుకు సెలక్ట్ అయ్యాడు" అని ఒక లైను లెటర్ తెస్తే కోర్టుకు దేనికీ పనికిరాదు. లెటర్ హెడ్ మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఉండేది ఎక్కడ, హోటలా హాస్టలా పూర్తి అడ్రసు, టీం మేనేజర్ పేరు ఫోన్ నంబరు, తిరుగు ప్రయాణం ఎప్పుడు, ఇవన్నీ ఉండాలి. టీం వాళ్లకు కేసు సంగతి ముందే చెప్పేశారు కాబట్టి మంచిదైంది. కాంట్రాక్టులో ప్రవర్తన గురించి ఒక క్లాజు ఎట్లాగూ ఉంటుంది, ఆక్షన్ అయ్యాక వేరేవాళ్ల నోటి నుంచి తెలిస్తే పంపించేస్తారు. ఒక రైడర్ మోకాలు బాగున్న సంవత్సరాలే తక్కువ, అందులో ఒకటి ఇట్లా పోగొట్టుకోవద్దు.

పరకాల_రైడర్_అన్న:
అందరికి మస్తు థ్యాంక్స్. బాండు కాపీ మా దగ్గర లేదు సార్, నిజంగనే సంతకం పెట్టొచ్చిండు అంతే. ఇంకో డౌటు. వీడు లీగ్ తర్వాత స్పోర్ట్స్ కోటాల జాబ్‌కు అప్లై చేద్దామంటుండు. నిజామాబాద్ నిఖత్ జరీన్‌కు 2024ల డీఎస్పీ పోస్టు ఇచ్చిండ్రు, మన కల్లెడ దీప్తికి పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం వచ్చినంక గ్రూప్-2 జాబ్ అనౌన్స్ చేసిండ్రు, అవి చూసి ఇంట్ల అందరికి ఆశ. ప్రొబేషన్ మీద ఇడిచిపెడితే కేసు లేనట్టేనా? ఫారంల రాయాల్నా?

మంచిర్యాల_బుల్లెట్:
రాయకు అన్నా. జైలుకు పోలే కదా.

కరీంనగర్_స్మాషర్:
బుల్లెట్ అన్నా నీకు దండం పెడ్త 🙏 అటెస్టేషన్ ఫారంల "జైలుకు పోయినవా" అని ఒక్కటే అడగరు. అరెస్టయినవా, కేసు నడిచిందా, బాండు రాసిచ్చినవా, ఫైన్ పడ్డదా, శిక్ష పడ్డదా అని వరుస పెట్టి అడుగుతరు. మా సీనియర్ ఒకాయన లోక్ అదాలత్‌ల రాజీ అయిన కేసే గదా అని "లేదు" అని కొట్టిండు. ట్రైనింగ్‌ల ఉండంగ వెరిఫికేషన్‌ల బయటపడ్డది, బ్యాగు సర్దుకొని ఇంటికొచ్చిండు. ఇంకో పిలగాడు "ఉన్నది" అని రాసి జడ్జిమెంట్ కాపీ జత చేసిండు, అందరి ఆర్డర్లు వచ్చినంక చాన ఆలస్యంగ వచ్చింది గని వచ్చింది.

నల్లకోటు_హన్మకొండ:
దీనిమీద జనాలకు పెద్ద అపోహ ఉన్నది కాబట్టి జర పొడుగు రాస్త. పన్నెండో సెక్షన్‌ల ప్రొబేషన్ మీద విడుదలైనోనికి శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదు అని ఉన్నది. అది చూసి కేసే తుడిచిపెట్టుకపోయింది అనుకుంటరు. కాదు. నేరం రుజువైందన్నది అట్లనే ఉంటది, 1990ల బక్షీ రామ్ కేసుల సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, ప్రొబేషన్ ఇచ్చినంత మాత్రాన డిపార్ట్‌మెంట్ చర్య తీసుకోకుండ ఆగదని. మరి దాచిపెడితే ఏమైతదనేదానికి 2016 అవతార్ సింగ్ తీర్పు ఉన్నది. చిన్న వయసుల అయిన చిన్న కేసైతే దాచినా డిపార్ట్‌మెంట్ మన్నించచ్చు, నిజం చెప్పినా కేసు తీరు చూసి వద్దనచ్చు. గ్యారంటీ ఏ దిక్కు లేదు. అయినా నేనైతే రాయమనే చెప్త. రాసినోనికి జడ్జిమెంట్ కాపీ చూపించి మాట్లాడుకునే మోక ఉంటది, దాచి దొరికినోని తరఫున నిలబడి వాదించుడు ఎంత కష్టమో నాకు తెలుసు.

కోరుట్ల_గల్ఫ్‌బాబాయ్:
పాస్‌పోర్టు సంగతి ఎవలు చెప్పలే. మా దిక్కు దుబాయ్, మస్కట్ పోయేటోళ్లకు ఇది రోజు ఉండే పంచాయితీ. కేసు కోర్టుల నడుస్తుంటే కేంద్ర ప్రభుత్వం 1993ల ఇచ్చిన ఆర్డర్ ప్రకారం కోర్టు పర్మిషన్ తెచ్చుకుంటెనే పాస్‌పోర్ట్ ఇస్తరు, అది గూడ కోర్టు చెప్పినన్ని దినాలకే. కేసు అయిపోయినోళ్లకు రూలు వేరే, నైతికంగ చెడ్డ నేరంల రెండేండ్లు లేకుంటె ఎక్కువ జైలు పడితే ఐదేండ్ల దాక కొర్రీ. మీ తమ్మునికి జైలు పడలే గాబట్టి అది అంటదు. గని బాండుల జిల్లా దాటద్దని ఉండంగ విమానం ఎక్కుడేంది, ముందుగాల బాండు అయిపోనియ్యుండ్రి. రేపు విదేశాలల్ల టోర్నమెంట్ వస్తె అప్పుడు చూస్కోవచ్చు.

జేఎన్ఎస్_ట్రాక్:
హన్మకొండ స్టేడియంల పొద్దుగాల పిల్లలకు కోచింగ్ ఇస్తం. అథ్లెటిక్స్‌ల నాడా (డోపింగ్ పరీక్షలు చేసే సంస్థ) టెస్టింగ్ పూల్‌ల పడ్డోళ్లకు ఇంకో తలనొప్పి ఉంటది, రోజుకో గంట ఎక్కడుంటరో ముందే రాసియ్యాలె, 12 నెలల్ల మూడుసార్లు తప్పితే డోపింగ్ తప్పు కిందికే వస్తది, ఏం తినకున్నా తాగకున్నా. కబడ్డీ కొత్త పిలగానికి ఇప్పుడే అది రాకపోవచ్చు. వచ్చిన రోజు మాత్రం కోర్టుల ఇచ్చిన అడ్రసు, అక్కడ ఇచ్చిన అడ్రసు ఒక్కటే ఉండాలె, ఊరి అడ్రసు ఒక దగ్గర పుణె అడ్రసు ఒక దగ్గర ఇస్తె రెండు దిక్కుల ఇరుక్కుంటడు.

నల్లకోటు_హన్మకొండ:
పరకాల తమ్ముడూ, ఒకటి మరిచిన. కండిషన్ మార్చేముందు కోర్టు షూరిటీని గూడ పిలిచి అడుగుతది. మేనమామ ఒప్పుకోకపోతే కొత్తగ బాండు రాసియ్యమనచ్చు. ఆయనతోని ముందుగాలనే మాట్లాడుండ్రి.

పరకాల_రైడర్_అన్న:
అయ్యో సార్, గదే కష్టం. మామతోని పొలం గట్టు పంచాయితీ నడుస్తుంది, ఉగాదిసంది మాటల్లెవ్వు.

నర్సంపేట_వదిన:
అమ్మమ్మ ఉన్నదా? అమ్మమ్మను పంపు. వకీళ్లకన్న పని తొందరగ అయితది.

పరకాల_రైడర్_అన్న:
అప్‌డేట్ పెడ్తున్న, పని అయింది. వదిన చెప్పినట్టే అమ్మమ్మనే పోయింది, "వానిది గట్టు లొల్లి కాదు, వాని కాళ్లు ఆడే వయసు" అన్నదట, మామ తెల్లారి బండేసుకొని కోర్టుకొచ్చిండు. వేరే వకీలును పెట్టుకున్నం. ఆఫీసర్ సారును లెటర్‌తోని కలిస్తే ఏం అనలే, అప్లికేషన్ రాసిచ్చిండు, ముందటి రిపోర్టుల కబడ్డీ గురించి నిజంగనే ఉన్నది సార్. జడ్జి మేడం లెటర్‌ల హోటల్ అడ్రసు మీద వేలు పెట్టి "ఇక్కడ ఎవరు బాధ్యులు" అని అడిగింది, మేనేజర్ పేరు ఉండుడు మంచిగైంది, పీఈటీ సారుకు దండాలు. మామను గూడ నిలబెట్టి అడిగింది, ఆయన "ఆడనియ్యుండ్రి మేడం" అని అంతే అన్నడు. క్యాంపు, లీగ్ మ్యాచ్‌ల తేదీల వరకు జిల్లా దాటచ్చు, నెల నెల మేనేజర్ లెటర్ ఆఫీసర్‌కు రావాలె, వాపస్ వచ్చిన మూడు దినాలల్ల వచ్చి కనపడాలె. తాగద్దన్నది అట్లనే ఉన్నది.

మంచిర్యాల_బుల్లెట్:
కంగ్రాట్స్ అన్నా. లీగ్ మ్యాచ్‌ల దాకనే పర్మిషన్ అంటున్నవు, టీం ప్లేఆఫ్స్‌కు పోతే డేట్లు దాటిపోతయి కదా?

నల్లకోటు_హన్మకొండ:
మొదటిసారి పనికొచ్చే మాట అన్నవు బుల్లెట్. పరకాల తమ్ముడూ, ప్లేఆఫ్స్ ఖాయమైన రోజే టీం దగ్గర కొత్త తేదీలతోని లెటర్ తీసుకొని ఆఫీసర్‌కు పంపుండ్రి, ఆఖరు రోజు దాక ఆగద్దు. మధ్యల కోర్టు సెలవులు వస్తయా అది గూడ ఇప్పుడే చూసిపెట్టుకోండి.

పరకాల_రైడర్_అన్న:
సరే సార్. వాన్ని ముందుగాల మ్యాట్ మీద ఏడుగురిల పడనియ్యుండ్రి, ప్లేఆఫ్స్ సంగతి తర్వాత చూద్దాం 😄